ఎక్కడ కలపాలి, ఎక్కడ ఆపాలి

పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చిందో చూసే అసర్ సర్వే కోసం పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళే వాలంటీరు చేతిలో ఒక కాగితం ఉంటుంది. దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని మాటలు, నాలుగు వాక్యాల పేరా, అంతకంటే కాస్త పొడవైన కథ అచ్చువేసి ఉంటాయి. పేరా చదివించేటప్పుడు వాలంటీరు తప్పులు లెక్కపెట్టి ఊరుకోకూడదు. పిల్లవాడు ఒక్కో మాటనూ విడిగా, హాజరుపట్టీలో పేర్లు పిలిచినట్టు చదివితే, అతనికి పేరా వచ్చినట్టు కాదు. నెమ్మదిగా చదివినా సరే, వాక్యాన్ని వాక్యంలా చదవాలన్నది నిబంధన. 2005లో మొదలైన ఈ సర్వే శాతాల గురించి పత్రికలు రాస్తూనే ఉంటాయి. ఈ నిబంధన గురించి మాట్లాడేవారు తక్కువ. మన బడుల్లో చదువు ఎక్కడ ఇరుక్కుందో తెలుసుకోవడానికి నా దృష్టిలో శాతాలకంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

2024 అసర్ ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు సుమారు 27 శాతం. తక్కినవారందరినీ ఒకే గాటన కట్టడానికి లేదు. కొందరికి అక్షరాలే రావు. కొందరికి అక్షరాలు వచ్చినా గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర తడబడతారు. ఇంకొందరికి మాటలన్నీ వచ్చు, ఏ మాటను దేనితో కలపాలో మాత్రం తెలియదు. ఈ మూడో రకం పిల్లలు చదువుతుంటే విన్నవాళ్ళకు బాగానే చదువుతున్నారనిపిస్తుంది. చదివిందేమిటని అడిగితే తప్ప లోపం బయటపడదు. అందుకే బడిలో వాళ్ళ మీద ఎవరి దృష్టీ పడదు. పదబంధాలను గుర్తించడం నేర్పితే ఈ పిల్లల చదువు సాఫీ అవుతుందా అన్న ప్రశ్న మీద విదేశాల్లో అరవై డెబ్బై ఏళ్ళుగా పరిశోధన సాగుతోంది. అందులో తెలుగుకు పనికొచ్చేదెంత, పనికిరానిదెంత అన్నది మనం తేల్చుకోవాల్సిన సంగతి.

ముందు సిద్ధాంతం సంగతి. 1974లో డేవిడ్ లాబెర్జ్, ఎస్. జె. శామ్యూల్స్ అనే అమెరికన్ పరిశోధకులు ఒక వాదన చేశారు. మనసుకున్న ధ్యాస పరిమితం, అదంతా అక్షరాలు కూడబలుక్కోవడానికే ఖర్చయితే అర్థానికి మిగలదు, కాబట్టి మాటలను గుర్తుపట్టడం అలవోకగా జరిగిపోవాలి అన్నారు. ఇది ఇప్పటికీ నిలబడే వాదనే. అయితే మాటలు అలవోకగా వచ్చేసినా వాక్యం రాని పిల్లల సంగతి దీనితో తేలదు. 1980లో పీటర్ ష్రైబర్ ఆ ఖాళీని పూరించాడు. మనం మాట్లాడేటప్పుడు పదబంధం చివర గొంతు కాస్త దిగుతుంది, చివరి అక్షరం కాస్త సాగుతుంది, చిన్న విరామం వస్తుంది. పసిపిల్లలు భాష నేర్చుకోవడానికి ఈ ఆనవాళ్ళు సాయపడతాయి. అచ్చులో ఇవేవీ ఉండవు. కామా, ఫుల్‌స్టాప్ తప్ప గొంతు చేసే పనిలో దాదాపు ఏదీ కాగితం మీదికి రాదు. చెవికి దొరికే ఆసరా కంటికి దొరకనప్పుడు, వాక్య నిర్మాణాన్ని బట్టి ఆ విరామాలను పిల్లలే ఊహించి పెట్టుకోవాలి. కొందరు పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఆ పని చేసేస్తారు. కొందరికి చూపించాలి.

బాగా చదివేవాళ్ళ కంటికి ఈ అలవాటు ఎంతగా పట్టి ఉంటుందో చూపే ప్రయోగం ఒకటుంది. ఒకరు పైకి చదువుతుంటే మధ్యలో హఠాత్తుగా దీపం ఆర్పేస్తారు. నోరు ఆగిన చోటికి కన్ను అప్పటికే ఎన్ని మాటలు ముందుకు వెళ్ళిందో అడుగుతారు. చదువు వచ్చినవాళ్ళ కన్ను ఏదో ఒక మాట దగ్గర కాక, ఎక్కువసార్లు పదబంధం చివరికి వెళ్ళి ఆగుతుందని అమెరికాలో హ్యారీ లెవిన్ బృందం గమనించింది. లెవిన్ ఈ విషయం మీద 1979లో ఒక పుస్తకమే వేశాడు.

ఆగాల్సిన చోట్లు కాగితం మీదే చూపించవచ్చన్న ఆలోచన మాత్రం చాలా పాతది. నాలుగో శతాబ్దం చివర సెయింట్ జెరోమ్ బైబిల్‌ను లాటిన్‌లోకి అనువదిస్తూ, ప్రవక్తల గ్రంథాలను అర్థాన్ని బట్టి పొట్టి పొట్టి పంక్తులుగా విరిచి రాయించాడు. ఉపన్యాసకుల ప్రతుల్లో ఉన్న పద్ధతినే తానూ వాడానని చెప్పుకున్నాడు. అప్పటి లాటిన్ రాతలో మాటల మధ్య ఖాళీలు ఉండేవి కావు. మన తాటాకు ప్రతులూ అంతే. పద్యం చివర నిలువుగీత ఉంటే ఉన్నట్టు, లేకపోతే అక్షరాల వరుస అలా సాగిపోవడమే. చదివేవాడికి ఆ పాఠం ముందే నోటికి వచ్చి ఉండేది, లేదా పక్కన గురువు ఉండేవాడు. ఈ రెండూ లేకుండా ఒక్కడే కూర్చుని కొత్త పాఠం చదవాల్సిన పరిస్థితి ముద్రణతో, బడితో వచ్చింది.

ఇక ఆధారాలు. వీటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది 1970 నాటి వార్డ్ క్రోమర్ అధ్యయనం. ఆయన కాలేజీ విద్యార్థుల్లో చదువు సరిగా రానివారిని రెండుగా విడదీశాడు. మాటలే తెలియనివారు ఒక జట్టు. మాటలు తెలిసీ వాటిని కూర్చుకోలేనివారు మరో జట్టు. ఇద్దరికీ పాఠాన్ని పదబంధాలుగా విడగొట్టి ఇచ్చినప్పుడు రెండో జట్టు అర్థం చేసుకోవడంలో మంచి చదువరులతో సమానంగా వచ్చింది. మొదటి జట్టుకు ఒరిగిందేమీ లేదు. ఈ ఒక్క ఫలితాన్ని గుర్తుపెట్టుకుంటే తర్వాత వచ్చిన చాలా గందరగోళం విడిపోతుంది. 1983లో ఓషే, సిండెలార్ ప్రాథమిక తరగతుల పిల్లలతో చేసిన పనిలోనూ, తప్పులు లేకుండా నెమ్మదిగా చదివేవాళ్ళకే విభజించిన పాఠం ఎక్కువ మేలు చేసింది. 1987లో సారా డౌహోవర్ రెండో తరగతి పిల్లల చేత ఒకే పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివించి, వేగంతో పాటు ఆగే చోట్లు కూడా సవరించుకుంటాయని చూపింది. ఈ రంగంలో ఎక్కువగా వినిపించే పేరు టిమొతీ రాసిన్‌స్కీది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను 1990లో సమీక్షించి, పదబంధాల మధ్య గీతలు పెట్టిన పాఠాలను తరగతి గదుల్లో వాడమని ఆయన గట్టిగా చెబుతూ వచ్చాడు.

ఎదురు సాక్ష్యమూ ఉంది. 1996లో యంగ్, బవర్స్, మెకినన్ అయిదో తరగతిలో వెనకబడిన పిల్లలతో చేసిన పరిశోధనలో, మేలు చేసిందంతా పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదవడమే, పైన చేర్చిన హంగుల వల్ల కలిసొచ్చింది పెద్దగా లేదు అని తేలింది. 2006లో లెవాస్యూర్ బృందం గీతలు కూడా పెట్టకుండా, పంక్తి ఎక్కడ విరగాలన్నది మాత్రమే మార్చి చూసింది. పంక్తి ఉపవాక్యం చివర విరిగితే పిల్లలు కింది పంక్తి అందుకునేటప్పుడు తడబాటు తగ్గింది, చదవడం సాఫీ అయింది. అర్థం తెలియడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇవన్నీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: పదబంధాలను చూపడం వల్ల నోటి చదువు బాగుపడుతుందని గట్టిగానే చెప్పవచ్చు. అర్థగ్రహణం కూడా పెరుగుతుందన్న మాట మాటలు ముందే వచ్చిన పిల్లల విషయంలోనే నిలుస్తుంది. అక్షరాల దగ్గరే ఆగిపోయిన పిల్లలకు పేజీ నిండా గీతలు పెట్టి ఇస్తే, చదవాల్సిన గుర్తులకు ఇంకొన్ని గుర్తులు తోడయినట్టే.

ఈ షరతు మన దగ్గర ఎందుకు ముఖ్యమంటే, మన లిపి కుదురుకోవడానికి ఇంగ్లీషు అక్షరాలకంటే ఎక్కువ కాలం పడుతుంది. సొనాలీ నాగ్ కన్నడ పిల్లలతో చేసిన పరిశోధనలో, అక్షరాలు పూర్తిగా పట్టుబడటం మొదటి రెండేళ్ళలో అయిపోదని, మూడు నాలుగు తరగతుల దాకా సాగుతుందని తేలింది. తెలుగు లిపి కన్నడ లిపికి తోబుట్టువు. కాబట్టి పదబంధాల మీద రాతపని మనకు రెండో తరగతి చివర, మూడో తరగతిలో మొదలుపెట్టడమే సబబు. చెవితో చేసే పనిని మాత్రం బడిలో చేరిన మొదటి రోజు నుంచే చేయవచ్చు.

అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది. పదబంధాల గురించిన పై పరిశోధనలన్నీ ఇంగ్లీషు మీద జరిగినవి. ఇంగ్లీషు వాక్యంలో ఎక్కడ గీత పెట్టాలో చెప్పే సూత్రాలు తెలుగు వాక్యానికి పనికిరావు. ఈ వాక్యం చూడండి: చెరువు గట్టు మీద మేకలు కాస్తున్న పిల్లవాడు వాన రావడం చూసి మేకలన్నింటినీ తోలుకుని ఇంటికి పరుగెత్తాడు. కష్టమైన మాట ఒక్కటీ లేదు. కానీ కూడబలుక్కుని చదివే పిల్ల దీన్ని తరచు ఇలా పలుకుతుంది: చెరువు / గట్టు / మీద మేకలు / కాస్తున్న / పిల్లవాడు వాన / రావడం / చూసి మేకలన్నింటినీ. ఊపిరి అందినంత మేర రెండేసి మాటలు జతకట్టాయి, అర్థం చెదిరిపోయింది. అదే వాక్యాన్ని ఇంట్లో చెప్పమంటే ఆ పిల్లే ఇలా అంటుంది: చెరువు గట్టు మీద / మేకలు కాస్తున్న పిల్లవాడు / వాన రావడం చూసి / మేకలన్నింటినీ తోలుకుని / ఇంటికి పరుగెత్తాడు. పదమూడు మాటలు అయిదు గుంపులయ్యాయి. ఇందులో పిల్లకు కొత్తగా నేర్పాల్సిన భాష ఏమీ లేదు. నోటికి తెలిసిన దాన్ని కంటికి చూపడమే పని.

ఎలా చూపాలి? మీద, కింద, కోసం, గురించి, వల్ల, నుంచి, దాకా లాంటి మాటలు ఎప్పుడూ వెనకటి మాటను పట్టుకునే ఉంటాయి, వాటికి ముందు ఆగకూడదు. కాస్తున్న, వచ్చిన, కొట్టే, చదవని లాంటి విశేషణాలు ముందున్న నామవాచకం కోసం ఎదురుచూస్తుంటాయి, వాటి తర్వాత ఆగకూడదు. ‘అని’ అన్నది ఎవరో అన్న మాటకు మూత. పిల్లలు ‘రేపు బడికి సెలవు / అని మాస్టారు చెప్పారు’ అని చదువుతారు. ‘రేపు బడికి సెలవు అని / మాస్టారు చెప్పారు’ అని చదవాలి. ఇక చూసి, తోలుకుని, వస్తే, వచ్చినా, తింటూ లాంటి అసమాపక క్రియల తర్వాత ఊపిరి తీసుకోవచ్చు. హైస్కూలు వ్యాకరణంలో క్త్వార్థకం, చేదర్థకం, అప్యర్థకం, శత్రర్థకం అని పిల్లలు పేర్లు బట్టీపట్టేది వీటినే. గుర్తించి పేరు రాస్తే మార్కులు వస్తాయి. అవి వాక్యంలో ఆగే చోట్లని చెప్పడం మాత్రం మన వాచకాల్లో అరుదు. ఆ పాఠాన్ని మూడో తరగతిలోనే, పేర్లేవీ చెప్పకుండా, చెవితో నేర్పవచ్చునని నా నమ్మకం.

ఏ సూత్రమైనా గుడ్డిగా పాటిస్తే బెడిసికొడుతుంది. ‘అమ్మ అన్నం వండి / పొలానికి వెళ్ళింది’ అన్నప్పుడు ‘వండి’ దగ్గర ఆగవచ్చు. ‘అమ్మ అన్నం వండి పెట్టింది’లో ఆగితే ఏదో తేడాగా వినిపిస్తుంది. ఒక్కోసారి గీత ఎక్కడ పడుతుందన్న దాన్ని బట్టి అర్థమే మారుతుంది. ‘నిన్న ఊరి నుంచి వచ్చిన మామయ్య కొడుకు’ అన్నప్పుడు వచ్చింది ఎవరు? ‘వచ్చిన’ తర్వాత కాస్త ఆగి ‘మామయ్య కొడుకు’ను కలిపేస్తే వచ్చింది కొడుకు. ‘వచ్చిన మామయ్య’ అని కలిపి ఆగితే వచ్చింది మామయ్య. ‘వచ్చిన’ తర్వాత ఆగకూడదని నేనే పైన చెప్పాను. ఇలాంటి చోట ఆ సూత్రం పక్కకు తప్పుకోవాల్సిందే. ఇటువంటి వాక్యాన్ని బోర్డు మీద రాసి గీత ఎక్కడ పెట్టాలో పిల్లల్నే వాదించుకోమంటే, ఆ పది నిమిషాల్లో నేర్చుకునేది అచ్చువేసిన వర్క్‌షీట్లతో రాదు. ఉపాధ్యాయులు గీతలు పెట్టి ఇవ్వడంకంటే పిల్లలే పెట్టుకోవడం మేలనడానికి కారణం ఇదే. పెట్టే ముందు వాక్యం అర్థం కావాలి కదా.

మనకు సొంత సంప్రదాయం ఒకటుంది. దాన్ని ఈ చర్చలోకి ఎవరూ తీసుకురారు. పద్యం చెప్పే పంతుళ్ళు పదవిభాగం, అన్వయం అని చేయించేవారు. మాటలు విడదీయడం, మళ్ళీ అర్థం వచ్చే వరుసలో కలపడం. ఆ అవసరం ఎందుకొచ్చిందంటే మన వృత్తపద్యాల్లో పాదం చివర చాలాసార్లు మాట సగంలో తెగుతుంది. ఛందస్సు ఆపే చోటు ఒకటి, అర్థం ఆపే చోటు మరొకటి. పద్యాన్ని పాదం పాదంగా బట్టీపట్టిన పిల్లవాడు విరామాలన్నీ తప్పుచోట పెట్టి, అదే సరైన పద్ధతని నమ్ముతాడు. వేమన ఆటవెలదుల్లో ఈ బాధ చాలావరకు లేదు. పాదం చివర సాధారణంగా మాట, తరచు భావం కూడా పూర్తవుతాయి. చిన్న తరగతులకు ముందు వేమనను పెట్టడానికి నీతితో పాటు ఇదీ ఒక కారణం కావచ్చు. ఉత్పలమాల, చంపకమాల చెప్పేటప్పుడు మాత్రం ఒకసారి ఛందస్సుకు, ఒకసారి అర్థానికి ఆగుతూ రెండు రకాలుగా చదివి వినిపించాలి. రంగస్థల నటులకు ఈ తేడా బాగా తెలుసు. తరగతి గదిలో అది పోయింది.

తెలుగుకు దగ్గరి పోలిక కావాలంటే ఇంగ్లీషుకంటే జపనీసు వైపు చూడటం మంచిది. ఆ భాషలోనూ వాక్యం క్రియతో ముగుస్తుంది, విభక్తుల్లాంటివి నామవాచకం వెనక చేరతాయి. పెద్దలు చదివే జపనీసు అచ్చులో మాటల మధ్య ఖాళీలు ఉండవు. మొదటి తరగతుల వాచకాల్లో మాత్రం ఖాళీలు పెడతారు, అదీ మాట మాటకూ కాదు. నామవాచకం, దాని వెనక వచ్చే ప్రత్యయం కలిసి ఒక గుంపుగా ఉంటాయి. పిల్ల పెద్దదయ్యేసరికి ఖాళీలు మాయమవుతాయి. ఆసరా ఇచ్చి, తర్వాత తీసేయడం అక్కడ అచ్చులోనే జరిగిపోతుంది.

మనం మాత్రం గడియారం పట్టుకున్నాం. 2021 జూలై 5న మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం మూడో తరగతి చివరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థవంతంగా చదవాలని లక్ష్యం పెట్టింది. ‘అర్థవంతంగా’ అన్న మాట అందులో ఉంది. కానీ కొలవడానికి తేలికైంది అంకె కాబట్టి కింది స్థాయికి వచ్చేసరికి అంకే మిగులుతుంది. పైగా తెలుగులో మాట అంటే ఎంత? ‘వెళ్ళిపోతున్నాడనుకున్నాను’ అన్నది మనకు ఒక్క మాట, ఇంగ్లీషులో ఆరు మాటలవుతుంది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ చేసిన ప్రాథమిక అభ్యసన అధ్యయనం ఈ తేడాను గుర్తించి భాషకో ప్రమాణం పెట్టింది. అది మంచి పని. అయినా వేగమే గొప్పని పిల్లలకు ఒకసారి తెలిశాక వాళ్ళు చేసేది ఒకటే, ఆగాల్సిన చోట కూడా ఆగకుండా పరుగెత్తడం. అమెరికాలో 1992లో నాలుగో తరగతి పిల్లల నోటి చదువును జాతీయ స్థాయిలో అంచనా వేసినప్పుడు వేగంతో పాటు నాలుగు మెట్ల కొలమానం ఒకటి వాడారు. మాట మాటగా చదివితే మొదటి మెట్టు. రెండేసి మాటలు కలిపితే రెండో మెట్టు. మూడు నాలుగు మాటల గుంపులైతే మూడు. అర్థానికి తగ్గ పెద్ద గుంపులతో, భావం పలికేలా చదివితే నాలుగు. ఇలాంటిది తెలుగుకు తయారుచేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. తెలుగు మాట పొడుగు కాబట్టి మన మెట్లు వేరుగా ఉండాలి, అంతే.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ బడుల పుస్తకాలు చాలావాటిలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. పిల్లలు ఇంగ్లీషు చదువుతున్నప్పుడు తెలుగు అలవాటే అడ్డుపడుతుంది. ‘ద క్యాట్ ఈజ్ స్లీపింగ్ అండర్ ద టేబుల్’ అన్న వాక్యాన్ని ‘స్లీపింగ్ అండర్’ దగ్గర విరుస్తారు. మన చిన్న మాటలు వెనక్కి అతుక్కుంటాయి, ఇంగ్లీషువి ముందుకు అతుక్కుంటాయి. ‘బల్ల కింద’ ఎలా ఒకటో ‘అండర్ ద టేబుల్’ అలా ఒకటని ఎదురుబొదురు పేజీల్లో రెండింటికీ కింద వేలితో ఒకే వంపుగీత గీసి చూపిస్తే పిల్లలు చప్పున పట్టుకుంటారు. ద్విభాషా పుస్తకం వల్ల దక్కే ఈ లాభాన్ని మనం ఇంకా వాడుకోవడం లేదు.

అమెరికాలో సిలికానాంధ్ర మనబడి లాంటి చోట్ల తెలుగు నేర్చుకునే పిల్లల కష్టం మరో రకం. అక్షరాలు వస్తాయి, గుణింతాలు వస్తాయి. ఇంట్లో వినే తెలుగు పొట్టి వాక్యాలకే పరిమితమైతే, పొడుగు వాక్యం ఎలా సాగుతుందో చెవికి తెలిసే అవకాశం తక్కువ. వాళ్ళకు గీతలకంటే ముందు కథలు వినిపించాలి.

ఆ మాటకొస్తే ఎవరికైనా ముందు వినిపించాల్సిందే. టీచరు ఒక పేరా చదవాలి, పిల్లలు పుస్తకంలో వేలు కదుపుతూ వినాలి. తర్వాత పదబంధం పదబంధంగా టీచరు వెంట చదవాలి. ఆ పైన గీతలు, జతలుగా చదువుకోవడం, చివరికి గీతల్లేని అదే పేరా. ఈ ఆఖరి మెట్టు చాలామంది వదిలేస్తారు. గీతలున్న కాగితం బాగా చదివినవాడు మామూలు పుస్తకం చదవలేకపోతే పని సగమే అయింది. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. పాఠం పిల్లల స్థాయికి కాస్త తేలికగా ఉండాలి. పాత చందమామ కథలు ఇందుకు అక్కరకొస్తాయి. కొడవటిగంటి కుటుంబరావు తీర్చిదిద్దిన ఆ వచనంలో వాక్యాలు చెప్పుకునేటట్టు ఉంటాయి, ఎక్కడ ఆగాలో వెతుక్కోనక్కర్లేదు.

పుస్తకాలు వేసేవారికి ఒక మనవి. ఒకటి నుంచి మూడో తరగతి దాకా తెలుగు వాచకాల్లో పంక్తుల చివరలు రెండు వైపులా సమంగా కనబడాలని ‘చెరువు గట్టు’ను ఒక పంక్తిలో, ‘మీద’ను కింది పంక్తిలో వేయకండి. పంక్తిని పదబంధం చివరే విరవండి. కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉంటే ఉండనివ్వండి. ఎస్‌సీఈఆర్‌టీలు తలచుకుంటే వచ్చే ఏడాది పుస్తకాల్లోనే ఈ మార్పు చేయవచ్చు. నిమిషానికి ఎన్ని మాటలు చదివాడో రాసుకునే ఫారంలో, ఎలా కలిపి చదివాడో రాయడానికి ఒక్క గడి చేర్చండి.